నీలం దారం అయిపోయిన రోజు

అక్కా,

మోకాలి నొప్పి తగ్గిందా? కొన్నాళ్లు మిషను తొక్కడం మానెయ్యమంటే నువ్వు వినవు కదా.

కుట్టు సరిగా పడుతోందో లేదో చూసుకోవడానికి నువ్వు వాడిన తెల్ల గుడ్డముక్క గుర్తుందా? నిండా నీలం గళ్లు, నీలం దారం అయిపోయాక నల్లదారంతో వేసిన ఒక్క గీత. మనిషీ చెట్టూ లేకుండా నేను గీసే బొమ్మలన్నీ అందులోంచే పుట్టాయని మొన్న ఒక పత్రికాయన దగ్గర నోరు జారాను. అదే నా కొంప ముంచింది.

నా బొమ్మలు అమ్మిపెట్టే పెద్దమనిషి నేను దాచుకున్న ఆ ముక్క పట్టుకెళ్లి, ఫ్రేము కట్టించి తన హాల్లో తగిలించాడు. ఇప్పుడు ప్రతి బొమ్మనూ దాని పక్కన పెట్టి చూస్తాడు. పోయిన వారం ఒక మూల కాస్త పసుపు రంగు వేశాను.

"మీ అక్క గుడ్డలో పసుపెక్కడుందయ్యా? జనం నమ్మరు. చెరిపెయ్" అన్నాడు.

తిడితే తిట్టు, చెరిపేశాను. ఆయనతో ఒప్పందం ఇంకా నాలుగేళ్లుంది. నీలం ట్యూబు మూత తియ్యాలంటేనే చెయ్యి రావడం లేదు. గోళ్ల సందున పసుపు మాత్రం ఇంకా వదల్లేదు, దాన్నే చూసుకుంటూ కూర్చుంటున్నాను.

ఒక్క సాయం చెయ్యి. ఆ రోజు నీ దారాల డబ్బాలో పసుపు రీలు కూడా ఉందని, చేతికందక నలుపు ఎక్కించావని ఒక ఉత్తరం రాయి. ఆయనకు చూపిస్తాను.

నిజంగా ఉందో లేదో గుర్తు చేసుకోకు. ఉందని రాయి.

నీ తమ్ముడు