ఎడమ పక్కన నువ్వు

ఉడుతా,

అమ్మ ముద్దులు. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసాగానే ఉన్నాం. నాన్నకి బడి యూనిఫాంలు కుట్టే పని వచ్చింది. ఇల్లంతా నీలం గుడ్డముక్కలే, అన్నం కంచంలో కూడా దారప్పోగులే. నువ్వు వేళకు తిని వేళకు పడుకుంటున్నావనుకుంటున్నాను. అనుకోవడమే గానీ నమ్మకం లేదులే.

మీ సంగీతపు బడిలో ఫోన్లు దగ్గర ఉంచుకోనివ్వరని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఈసారి మాత్రం అదే మంచిదనిపించింది. ఫోన్‌లో అయితే నా గొంతు వినగానే ఏదో ఉందని పసిగట్టేసేదానివి. ఉత్తరంలో కాసేపు పిచ్చాపాటీ రాసుకుంటూ గడపవచ్చు. ఇంతవరకు రాసేలోపే రెండుసార్లు లేచి వెళ్లి ఊరికే పంపు కట్టేసి ఉందో లేదో చూసొచ్చాను.

నువ్వడిగినవి ముందు. నీ గది కిటికీ రెక్క బాగుచేయించాం. గోడ చెమ్మ తగ్గలేదు. పక్కింటి పిల్లి మళ్లీ నీ మంచం కిందే ఈనింది, నాన్న తరమనివ్వడం లేదు. ఇక, "కొత్త హెడ్‌ఫోన్లు కొన్నావా, ఆ పాతవాటితోనే విన్నాననిపించావా?" అని నిలదీశావు చూడు, దానికి జవాబు పెద్దది.

నీ కోపంలో న్యాయం ఉంది. మొట్టమొదటిసారి రికార్డు చేసిన పాట మీ బడివాళ్ల ఫోన్‌లోంచి పంపిస్తే, "నీ స్నేహితురాలు హాయిగా పాడింది, మరి నీ వయొలిన్ ఏదే?" అని రాశాను. "పాటంతా వాయించింది నేనే. గొంతు కుడివైపు, వయొలిన్ ఎడమవైపు పెట్టించాం, నీకు అటొకరం ఇటొకరం కూర్చున్నట్టు ఉండాలని. నువ్వు వినకుండానే రాశావమ్మా" అన్నావు. అక్కడ నీ కలం కాగితాన్ని చీల్చింది. ఆ చీలిక మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

పాతవాటి వైరు తెగి ఉంటుంది, అంతే కదా అనుకున్నాను. ఇంట్లో మిషన్ చప్పుడు, డిపోలో బస్సుల చప్పుడు. నాకు పాట వినే తీరిక ఉండేది ఇంటి నుంచి డిపోకి నడిచే దారిలోనే. అందుకని నడకలో వినడానికి వీలైనవి కొందామని డ్యూటీ దిగి, యూనిఫాంలోనే వెళ్లాను. "పెద్దవి తీసుకో, చెవులు మూసుకుపోయేవి. పిలిస్తే ఎందుకు పలకవో జనానికి కనీసం అర్థమవుతుంది" అని పొద్దున్నే చెప్పి పంపించాడు మీ నాన్న. కొన్నాళ్లుగా ఆయనకి అదొక గొడవ. మంచం మీద ఆయన పడుకునేది నా ఎడమ పక్కనేగా. తనతో మాట్లాడటం లేదని అలిగేవాడు. ఏం మాట్లాడావయ్యా అంటే ఇంకా అలిగేవాడు.

కొట్లో అమ్మాయి నీకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. మొదట గింజల్లాంటివి చూపించింది. ఒకటి జారిపడితే మురుక్కాలవ పాలే కదా అన్నాను, నవ్వింది. చెవిలో పెట్టుకుని నీ పాట పెట్టాను. ఎడమవైపు చప్పుడు లేదు.

"ఇది పాడైందమ్మా, వేరేది ఇవ్వు."

మెడకి వేలాడేవి ఇచ్చింది. అదే తంతు. చెవులు మూసేవి ఇచ్చింది. మళ్లీ అంతే. నాకు ఒళ్లు మండింది. "కొట్టు నిండా చెడిపోయిన సరుకు పెట్టుకుని కూర్చున్నారా?" అని అరిచాను. పక్కన బేరాలాడుతున్నవాళ్లు తిరిగి చూశారు.

ఆ పిల్ల నా చేతిలోంచి తీసుకుని తాను పెట్టుకుని వింది. "రెండు పక్కలా వస్తోంది ఆంటీ. వయొలిన్ చాలా బాగుంది" అంది. తర్వాత మెల్లగా, "ఒక్కసారి అటుదిటు తిప్పి పెట్టుకోండి" అంది.

తిప్పి పెట్టుకున్నాను. కుడి చెవిలో నువ్వు వాయిస్తున్నావు. పాడే పిల్ల గొంతు లేదు.

కౌంటరు బల్ల పట్టుకున్నాను. ఆ పిల్ల స్టూలు లాగి కూర్చోబెట్టింది. ఏమనుకుందో, ఇంకొకటి తెచ్చింది. అది చెవిలో దూరేది కాదు, చెవి ముందు ఎముక మీద ఆనుకుని ఉంటుంది. రోడ్డు చప్పుడు కూడా వినబడాలనుకునేవాళ్లు కొంటారట. పెట్టుకోగానే చెంప చిన్నగా అదిరింది. ఆ వెంటనే పాటా వినబడింది, నువ్వూ వినబడ్డావు. రెండో చరణంలో ఒకచోట తడబడి, ఎవరూ చూడలేదన్నట్టు సర్దుకున్నావు. చిన్నప్పుడు మెట్ల మీద పడి లేచినప్పుడు అచ్చం అలాగే చేసేదానివి. కొట్లోనే ఏడ్చేశాను. అవే కొనుక్కున్నాను.

ఇంతవరకు రాసి మళ్లీ లేచాను. చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు.

కొట్టుకి వెళ్లడానికి ఒక వారం ముందు, నా బస్సులోంచి ఒక ముసలాయన దిగుతుంటే ఆయన సంచి పట్టీ తలుపులో ఇరుక్కుంది. నేను బండి కదిలించాను. కండక్టరు "ఆపు అక్కా, ఆపు!" అని అరిచాడట. బస్సంతా అరిచిందట. నాకు అద్దంలో నోళ్లు తెరుచుకోవడం కనబడ్డాక గానీ తెలియలేదు. పట్టీ తెగింది కాబట్టి సరిపోయింది. "ధ్యాస ఎక్కడుందక్కా?" అని కండక్టరు అడిగితే, నిద్ర చాలలేదన్నాను. నేనూ అదే అనుకున్నాను. ఆ స్టూలు మీద కూర్చున్నాక తెలిసింది, అది నిద్ర కాదని.

కొట్లోంచి ఇంటికి వెళ్లలేదు. తిన్నగా డిపో మేనేజరు గదికి వెళ్లి, ఎడమ చెవి వినబడటం లేదని చెప్పాను.

"ఎవరన్నా ఫిర్యాదు చేశారా?" అన్నాడాయన.

"లేదు సార్."

"మరి నువ్వే ఎందుకు చెబుతున్నావమ్మా?"

"రేపు పొద్దున బండి తీయాలి కదా సార్."

ఆయన చెయ్యి చాచి, నా బండి తాళం తీసుకున్నాడు. ఇప్పుడు నన్ను ఎంక్వయిరీ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. మైకులో బస్సుల నంబర్లు చదువుతాను. నా బండిని ఇంకొకడు గేర్లు కరకరలాడిస్తూ బయటికి తీస్తుంటే కుర్చీలో నిలవలేను. రోజంతా కుడికాలు బ్రేకు కోసం నేలని వెతుకుతూనే ఉంటుంది.

చెవి డాక్టరమ్మ పరీక్షలు చేసింది. నరం బాగానే ఉందట, అందుకే ఎముక మీద పెట్టుకుంటే నువ్వు వినబడ్డావట. లోపల బియ్యపు గింజకన్నా చిన్న ఎముక బిగుసుకుపోయిందట. ఆపరేషన్ చేస్తే చాలామందికి వినికిడి తిరిగొస్తుంది, అందరికీ వస్తుందని మాటివ్వలేనంది. రాకపోతే స్టీరింగు మరి ఇవ్వరు. వచ్చే నెల మొదటి వారంలో చేస్తామన్నారు. ఇప్పుడు నాన్న నా కుడివైపుకి మారి పడుకుంటున్నాడు, ఇన్నాళ్ల బాకీ అంతా మాట్లాడేస్తున్నాడు. పైకి ధైర్యం చెబుతాడు గానీ, మొన్న ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే పక్కన కుట్టి పెట్టాడు.

నీ పాట నడకలో రోజూ వింటున్నాను. వినకుండా రాయలేదే తల్లీ. విన్నదంతా రాశాను, సగమే వినబడింది.

ప్రతి ఉత్తరంలోనూ చదువు పాడుచేసుకుని రావద్దనే రాస్తాను. ఈసారీ అలాగే రాసి, కొట్టేశాను. పైన నల్లగా కనబడుతున్న ఆ మూడు లైన్లూ అవే. నాకు భయంగా ఉంది. నువ్వు రా.

ఇట్లు,
వీధి మలుపు వైపే చూస్తూ,
అమ్మ