అగ్గువైన డీజిల్

బుధవారం, రాత్రి

ఈ రోజు డీజిల్ ధర తగ్గింది. పొద్దున టేకులపల్లి బంకులో జీపుకు ట్యాంకు నింపించుకుని, డ్రైవర్లమంతా చాయ్ తాగుతూ పండగలా నవ్వుకున్నాం. ఆ సంతోషం కొత్తగూడెం స్టేషన్ దాకానే. పర్ణశాలకు ఎక్కిన యాత్రికులు, "డీజిల్ తగ్గింది కదా, కిరాయి గూడ తగ్గించు" అని పట్టుబట్టారు. ధర పెరిగిన రోజున మాత్రం ఒక్కరూ ఎక్కువ తీసుకోమనలేదు. తగ్గించాను. లేకపోతే వెనక జీపు ఎక్కేవారు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. బావ పన్నెండేళ్లుగా కువైట్లో చమురు బావుల దగ్గర లారీ నడుపుతున్నాడు.

"తమ్ముడూ, మీ బావను కంపెనీ ఇంటికి పంపుతున్నది. చమురు ధర పడిపోయిందట, సగం బావులు బంద్ పెట్టిండ్రట."

పొద్దున నేను నవ్వింది దీనికా!

"వచ్చినంక నీ జీపు ఒక దినం నువ్వు, ఒక దినం ఆయన నడుపుకోండ్రి" అంది.

ఒక్క జీపు రెండు ఇళ్లను సాకదు. నాకు స్టీరింగ్ పట్టడం నేర్పింది బావే. అయినా ముందు నాకు తోచింది ఆయన కష్టం కాదు, నా జీపు.

"చూద్దాం అక్కా" అన్నాను.

"ఏంది చూసేది?"

ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. తనే మళ్లీ, "పోనీలే, మన కాడ డీజిల్ అగ్గువైందట కదా. నీకైన మంచిగయింది" అంది.

ఎత్తిపొడిచినా బాగుండేది. మనస్ఫూర్తిగానే అంది.