వియ్యాలవారు పెట్టిన కార్డు

నారిన్, మంగళవారం

కొచ్కోర్‌లో ఉన్న మా వియ్యపురాలు కనిషై వదినగారికి, మీరూ మీ గొర్రెలూ చల్లగా ఉండాలని కోరుకుంటూ ఉల్కాన్ రాస్తున్నది.

ఫోను చేస్తే మీరు నన్ను మాట్లాడనివ్వరు, అందుకే కాగితం పట్టాను. నా చదువు నాలుగో తరగతితో ఆగింది. తప్పులుంటే నవ్వుకోండి, కాని చివరిదాకా చదవండి.

నోరుజ్ కొత్త సంవత్సరం పండక్కి మీరు నాకు వెల్వెట్ కోటు, మా పెద్దవాడు శర్షెన్‌కి టోపీ, మీ అమ్మాయి సాల్కిన్ కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు పెట్టారు. కోటు భుజాల దగ్గర పట్టేసింది, పోనీలే అనుకున్నాను. కార్డు మాత్రం పచ్చి మోసం. మా శర్షెనే దాన్ని బిగించాడు. బొగ్గు లారీ ఇంజను విప్పి బిగించే చెయ్యి వాడిది, వాడు బిగిస్తే తప్పుండదు. అయినా ఆట మొదలుపెట్టగానే తెరమీద బొమ్మ నత్తి పడుతుంది. మనిషి పరిగెడుతూ పరిగెడుతూ కొయ్యబారిపోతాడు. పాత కార్డే నయమంటున్నాడు మా చిన్నవాడు, అంటే మీ అల్లుడు. నాకేమో అది కాలుతుందేమో, ఇల్లంటుకుంటుందేమో, అటకమీద ఎండబెట్టిన పెరుగుండలన్నీ బూడిదవుతాయేమో అని ఒకటే బెంగ.

సాల్కిన్ జట్టులో అయిదుగురు అమ్మాయిలు. ఆదివారం పోటీలో గెలిస్తే రాజధానిలో ఆడతారు. అప్పటికీ దీని బొమ్మ ఇలాగే ఆగిపోతే వేరే పిల్లని పెట్టుకుంటారట. మొన్న ఆ యంత్రంలోంచి జట్టు పిల్ల ఒకతె అడగడం నా చెవులతో విన్నాను, "అక్కా, ఆడుతున్నావా, ఫొటో దిగుతున్నావా?" అని. మీ అమ్మాయి ఆట ఆపి లేచింది. ఎర్రబడ్డ కళ్లతో వచ్చి నాకు టీ పోసి వెళ్లింది. నోట్లో నాలుక లేని కోడలని వీధంతా మెచ్చుకుంటోంది. ఆ పెంపకం మీది కాదు, ఈ రెండేళ్లలో నేను నేర్పింది.

శనివారంలోగా వచ్చి కార్డు తీసుకెళ్లండి. పెట్టింది తిప్పి ఇస్తే వియ్యం తెగినట్టేనని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. మీ పిల్లని కూడా తీసుకెళ్లండి.

మీ మీద కోపం చల్లారని,
ఉల్కాన్

నారిన్, ఆదివారం

కనిషై వదినగారికి, ఈసారి మీ క్షేమం నిజంగానే అడుగుతూ ఉల్కాన్ రాస్తున్నది.

వ్యాను డ్రైవరుతో మీరు పంపిన కబురు అందింది. "మా కార్డు మంచిదే, మీ కొంప గాలే మంచిది కాదు" అన్నారట. అతను దాన్ని బస్టాండులో పదిమంది ముందు అప్పగించాడు. నా ఒళ్లు మండిపోయింది. కార్డు చచ్చిందని మూడో మనిషి చేత చెప్పించి, ఆ మాట కొచ్కోరంతా చాటిద్దామని నిన్న యంత్రాన్ని దుప్పట్లో చుట్టి, సాల్కిన్‌ని వెంటబెట్టుకుని బజారులో ఇలియాస్ కొట్టుకి వెళ్లాను.

ఇలియాస్ మూత తీసి చూసి నవ్వాడు. కార్డు దిగే స్లాటులు రెండున్నాయట, పైది పెద్ద బాట, కిందది కాలిబాట. మన కార్డు కింద దాంట్లో ఉంది. పైగా తెర వైరు కార్డుకి కాకుండా యంత్రం పాత రంధ్రానికే తగిలించి ఉంది. "కార్డు కులాసాగా నిద్రపోతోంది పెద్దమ్మా. పని చెప్పింది ఎవరు?" అన్నాడు. సరిచేయబోతే, బిగించినవాడే సరిచెయ్యాలని ముట్టుకోవద్దన్నాను.

దారిలో సాల్కిన్‌ని అడిగాను, ముందే తెలుసా అని.

"మొదటి రోజే తెలుసు అత్తయ్యా."

"మరి నోరెందుకు విప్పలేదే?"

"బావగారు బిగించారు. ఆయన చెయ్యి పెట్టినచోట నేను చెయ్యి పెట్టకూడదుగా. మీరే చెప్పారు."

వదినగారూ, ఇది నేను ఎవరికీ చెప్పలేదు. నేను కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఒక పొద్దున మా బావగారు మా ఆయన గుర్రానికి జీను కట్టారు. పొట్టకింద పట్టీ వదులుగా ఉండటం నేను చూశాను. బావగారి ఎదుట కోడలు గొంతెత్తకూడదు కనక తల దించుకుని నిలబడ్డాను. మా ఆయన వాగు దాటకముందే పడ్డాడు. ఆ తరవాత ముప్పై ఏళ్లు కుంటుతూ తిరిగాడు, ప్రతి అడుగూ నేను విన్నాను. విని కూడా ఆ పిల్లకి అదే నోరు కుట్టాను. ఇంకో సంగతి. కార్డు పాడైందంటే లోపల నాకు హాయిగానే ఉండేది, పిల్ల రాజధానికి పోదుగదా అని.

ఇంటికొచ్చి శర్షెన్‌ని పిలిచాను. పైన ఫ్యాను అడ్డమొచ్చింది, కింద ఖాళీగా ఉంటే పెట్టాను, ఏ గాడైతేనేం అన్నాడు. సాల్కిన్ చెబుతుంది, అలా చెయ్యమన్నాను. వాడి మొహం మాడిపోయింది.

"మరదలు బావకి పాఠం చెబుతుందా అమ్మా? ఊళ్లో తలెత్తుకోగలనా?"

"దించుకునే ఉండు. నువ్వు విప్పాల్సిన కార్డు కిందనే ఉంది."

పిల్ల గోడవైపు తిరిగి, రెండేళ్లలో మొదటిసారి వాడితో మాట్లాడింది. "ఆ ఫ్యాను కాస్త జరిపి పైదాంట్లో పెట్టండి బావగారూ. టిక్కుమనేదాకా నొక్కండి. వైరు కార్డుకే తగిలించండి." వాడు పళ్లు కొరుకుతూ చేశాడు. రాత్రి అన్నం తినలేదు. వాడి కోపం వాడిష్టం.

మిమ్మల్ని అన్న మాటల్లో కార్డుని అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. కోటుని అన్నది తీసుకోను, నిజంగానే పట్టేసింది. పిల్లని తీసుకెళ్లడానికి మీరు రానక్కర్లేదు.

పోటీ ఇప్పుడు జరుగుతోంది. గెలుస్తోందో ఓడుతోందో నాకు తెలియదు, కాని బొమ్మ ఎక్కడా ఆగడం లేదు. మీ అమ్మాయి గొంతు ఇంత పెద్దదని నాకు తెలియదు, వీధిలోకి వినిపిస్తోంది. ఆ నలుగురినీ తిడుతోంది, టీ తెమ్మని మొగుణ్ణి కసురుతోంది. నేను పక్కనే నిలబడి ఈ కాగితం రాస్తుంటే, తల తిప్పకుండానే, "అత్తయ్యా, వైరు తొక్కుతున్నారు, జరగండి" అంది.

జరిగాను.

ఉల్కాన్