టౌన్ హాల్ పన్నెండో స్తంభం

మార్చి 4, సోమవారం

కౌన్సిల్ గది తలుపు పడటం లేదు. ఎప్పటిలాగే దుమ్ము దులిపి, పెద్ద బల్లకు మైనం పట్టించి, తాళం వేద్దామని చూస్తే పైన అంగుళం సందు. భుజంతో తోశాను. నా భుజమే నొచ్చింది. దానికి నాలుగు వందల ఏళ్లు, నాకు డెబ్బై మూడు. ఎవరు ముందు లొంగాలో తేలిపోయింది.

మార్చి 6

తప్పు తలుపుది కాదట. నేల కుంగిందట. నేల కుంగింది కింద మూల స్తంభం వల్లనట. పన్నెండోది. మా ఆయన నార్మన్‌ది.

మార్చి 9, శనివారం

హాల్ మూసేశారు. చుట్టూ పసుపు రిబ్బను కట్టి, హాల్ కింద జరిగే సంతని రోడ్డు మీదికి తోశారు. జెఫ్రీ కోల్‌మన్ మాత్రం రిబ్బను బయట నిలబడి టూరిస్టులకు ఎప్పటిలాగే పాఠం చెప్పాడు. రిటైరైన హెడ్మాస్టరు, హాల్ కమిటీ ఛైర్మన్, నాతో ఒకటో క్లాసు చదివినవాడు. ఆ పాఠం నాకు నోటికొచ్చు. వెన్‌ఫోర్డ్ టౌన్ హాల్, 1617. పన్నెండు ఓక్ స్తంభాలు. కింద గోడల్లేకుండా వెన్నకీ జున్నుకీ కోళ్లకీ వదిలేశారు, పైన ఒకే గదిలో కౌన్సిలూ కోర్టూ. ఒక్క ఇనప మేకు లేదు, అన్నీ కొయ్య చీలలే. విక్టోరియా రాణి కాలంలో ఎవరికో బుద్ధి పుట్టి స్తంభాల మధ్య ఇటుక గోడలు లేపి ఫైరింజన్ పెట్టారు. మా నాన్న చిన్నప్పుడు మళ్ళీ పడగొట్టారు.

చివర్లో జోకు. 1978లో బీరు పీపాల లారీ ఒకటి వెనక్కొస్తూ పన్నెండో స్తంభాన్ని విరగ్గొట్టింది, మా ఊరి వడ్రంగి నార్మన్ ట్రాంటర్ కొత్తది పెట్టాడు, పదకొండు స్తంభాలు నాలుగొందల ఏళ్లు నోరు మూసుకుని నిలబడితే ట్రాంటర్ గారిది రెండేళ్లకే పగిలి నోరు తెరిచింది అంటాడు. అందరూ నవ్వుతారు. నేను వినబడేంత దూరంలో ఉంటే ఏమనుకోకమ్మా బెరిల్ అంటాడు. ఏమనుకోను అంటాను. అనుకుంటాను.

మార్చి 15

కమిటీ రిపోర్టు చిత్తుప్రతి వచ్చింది. కుంగడానికి కారణం “1978 నాటి నాసిరకం మరమ్మతు” అని ఉంది. మరమ్మతు అయ్యాక హాల్ కింద కొత్త చరిత్ర బోర్డు పెడతారట, అందులోనూ ఇదే వాక్యం. జోకయితే జెఫ్రీతోనే పోతుంది. బోర్డు మా మనవల కాలం దాకా ఉంటుంది. నార్మన్ పోయి పన్నెండేళ్లు. జవాబు చెప్పుకోలేడు.

మార్చి 18

పాత కొయ్య భవనాలు బాగుచేసే ఆమె వచ్చింది. పేరు హెస్టర్ పోల్. యాభై ఉంటాయి, చెవి వెనక పెన్సిలు, మోకాళ్ల మీద మట్టి. స్తంభాన్ని పై నుంచి కిందిదాకా సుత్తితో తట్టి విని, ఈ పగుల్లో సిమెంటు పోసిన మహానుభావులు ఎవరండీ అని అడిగింది.

నాకు తెలియదన్నాను.

మార్చి 19, ఉదయం 6

రాసేస్తాను. దీన్ని నేను తప్ప చదివేవాళ్లు లేరు. ఆ మహానుభావురాలిని నేనే.

1980 ఎండాకాలం. పగులు నిలువునా, వేలు దూరేంత. అది పగిలిన రోజు తుపాకీ పేలినట్టు వినబడిందని సంతంతా చెప్పుకున్నారు. పచ్చి ఓక్ ఎండేటప్పుడు పగులుతుంది, దాని బలానికేం కాదు అని నార్మన్ అందరికీ చెప్పాడు. ఎవరూ వినలేదు. మాంసం కొట్టులో నన్ను నిలబెట్టి, మీ ఆయన స్తంభంలో ఉత్తరాలు వెయ్యొచ్చా తల్లీ అని అడిగారు. అసలు సంగతేమిటంటే నేనూ నమ్మలేదు. నలుగురూ నవ్వుతుంటే కట్టుకున్నవాడి మాట కంటే వాళ్ల నవ్వే నిజమనిపించింది.

జూలైలో ఆయన హెర్నియా ఆపరేషనుకని ఆసుపత్రిలో ఉన్నాడు. ఆదివారం తెల్లవారగానే బకెట్లో సిమెంటు కలిపి, నిచ్చెన వేసుకుని, పగులంతా పూడ్చి పైన నల్ల రంగు కొట్టాను. చర్చికి జనం బయల్దేరేలోపు ఇంట్లో ఉన్నాను. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. నిజానికి కాపాడుకున్నది నా పరువే.

ఇంటికొచ్చాక వెళ్లి చూశాడు. ఎవరు చేశారు అని అడిగాడు. కౌన్సిల్ వాళ్లు అన్నాను. అలాగా అని టీ తాగాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మార్చి 21

హెస్టర్ సిమెంటు తీసేసింది. నన్ను పిలిచి చూపించింది.

మొదట పైకి చూడమంది. 1617లో వడ్రంగులు ఈ చట్రమంతా ముందు పొలంలో నేల మీద పరిచి బిగించి చూసి, ఒక్కో అతుకు మీద ఉలితో నంబరు గీసి, విప్పి, ఇక్కడికి మోసుకొచ్చి లేపారట. నార్మన్ కూడా తన స్తంభం నెత్తిన, దూలం కింద ఎవరికీ కనబడని చోట, అదే తీరులో పన్నెండు అంకె గీశాడు. పనిమంతుడండీ ఈయన అంది. తర్వాత మిగతా పదకొండు స్తంభాలూ చూడమంది. అన్నీ పగిలినవే. వేలు దూరే పగుళ్లు. వాళ్లూ పచ్చి కొయ్యే వాడారు బెరిల్ గారూ, నాలుగొందల ఏళ్ల పగులైతే అందం అంటారు, నిన్నటిదైతే తప్పంటారు, ఏం మనుషులమండీ అంది. నేను చిన్నప్పటినుంచీ వాటి పక్కనే నడుస్తున్నాను. ఒక్కసారీ చూడలేదు.

చివరగా పగులు అడుగున ఒక బెజ్జం చూపించింది. లోపల సన్నటి రాగి గొట్టం. సిమెంటు పోశాకే తొలిచిందట. సిమెంటు వెనక చేరిన వాన నీళ్లు బయటికి పోవడానికట. ఎవరో ఏటా తీగ పెట్టి శుభ్రం చేశారు, గొట్టం నిండా గీతలే, పదీ పన్నెండేళ్ల కిందట మానేశారు, కుళ్లు పట్టింది ఆ తర్వాతే అంది.

శీతాకాలం ముందు ఆదివారాల్లో నార్మన్ కోటు జేబులో తీగ ముక్క పెట్టుకుని హాల్ దాకా వెళ్లొచ్చేవాడు. తన అవమానాన్ని చూసుకుని బాధపడటానికి వెళుతున్నాడనుకుని నేను అడిగేదాన్ని కాదు. సిమెంటు పీకేస్తే ఎవరు పోశారని ఊరు ఆరా తీస్తుందని ఆయనకి తెలుసు. ఎవరు పోశారో కూడా తెలుసు.

కూర్చోవాలన్నాను. హెస్టర్ ఒక డబ్బా బోర్లించి, ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చి తన పని తాను చేసుకుంది. ఏమైందని అడగలేదు. అడగనందుకు ఆమెను చల్లగా ఉండమని మనసులోనే దీవించాను.

మార్చి 22

ఆ తర్వాత ఆయన బతికింది ఇరవై ఏడేళ్లు. ఒక్క మాట అనలేదు మహానుభావుడు.

మార్చి 29

హాల్ కమిటీ మీటింగు, మెథడిస్టుల చిన్న చర్చిలో. అరవై మంది వచ్చారు. జెఫ్రీ రిపోర్టు చదువుతూ “నాసిరకం” దగ్గరికి రాగానే లేచాను. ముందు కుర్చీ పట్టుకున్నాను. అంతా చెప్పాను. సిమెంటు, నిచ్చెన, రాగి గొట్టం, తీగ.

జెఫ్రీ కళ్లద్దాలు తీసి, ఒక్కదానివే ఎక్కావటే నిచ్చెన, మెడ విరిగితే ఏమయ్యేదానివి అన్నాడు. తర్వాత పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాడు. ఏం రాయమంటావని నన్నే అడిగాడు. ట్రాంటర్ పెట్టిన స్తంభం సరైనది, పగుల్లో సిమెంటు పోయడం వల్ల దాని అడుగు భాగం పాడైంది అని హెస్టర్ చెప్పింది. పోసింది ఎవరో కూడా రాయమన్నాను. ఎందుకులే బెరిల్ అన్నాడు. రాయాల్సిందేనన్నాను. రాశాడు. బయటికొస్తుంటే నన్ను పట్టుకుని, నలభై ఏళ్లు వాడి మీద నవ్వించాను అని మాత్రం అన్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

కోప్పడతారనుకున్నాను. నలుగురు నన్ను ఇంటిదాకా దిగబెట్టారు. ఈ ఊళ్లో పుట్టినందుకు సంతోషంగా ఉంది.

ఏప్రిల్ 6, శనివారం

జెఫ్రీ పాఠం మారింది. ఓక్ కొయ్యకు శత్రువులు మూడట: వాన, పురుగు, మా బెరిల్. టూరిస్టులు నవ్వారు. ఆ బెరిల్ని నేనేనని చెయ్యెత్తి చూపించాను.

ఇంటికొస్తే గుమ్మంలో రిబ్బను కట్టిన తాపీ. ఎవరు పెట్టారో తెలియదు. చలిమంట గూటి పైనున్న చెక్క మీద పెట్టుకున్నాను.

జూన్ 13

హెస్టర్ కుళ్లిన అడుగు భాగం మాత్రమే కోసి కొత్త ఓక్ అతికింది. పైన ముప్పాతిక వంతు నార్మన్ చేసిందే ఉంచింది. కౌన్సిల్ గది తలుపు పడుతోంది. ఆరుసార్లు తెరిచి వేశాను.

జూన్ 15, శనివారం

సంత మళ్ళీ హాల్ కిందికి వచ్చింది. ఉల్లికాడలు, అర డజను గుడ్లు. స్తంభం మీద చెయ్యి వేసి, పైకే అన్నాను: నార్మన్, కౌన్సిల్ వాళ్లు కాదు, నేను.

చేపల దగ్గర లైన్లో ఉన్నావిడ తిరిగి, నాతోనా అంది. కాదమ్మా, మా ఆయనతో అన్నాను. ఆవిడ ఒక అడుగు పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చింది.