ఊరి ముందు దిగి నడవడం

జడ్చర్ల, కార్తీకం, 1948

అమ్మా, నేను క్షేమం. దవాఖాన వాళ్లిచ్చిన ఫట్‌ఫటి మోటారు సైకిలు మీద కలరా సూదిమందు తీసుకొని ఇక్కడి దాకా వచ్చాను. ఇంకా ఆత్మకూరు పోవాలి.

మొన్న జోరుగా పోతుంటే ఓ ఊరి జనం మోటారు చప్పుడు విని, మళ్లీ రజాకార్లే వచ్చారనుకొని జొన్నచేలల్లోకి ఉరికారు. సూది వేయడానికి ఒక్కరూ మిగల్లేదు. నడవలేని ఓ అవ్వ మాత్రం అరుగు మీద నుంచే, "జర ఎడ్లబండి లెక్క రా బిడ్డా. మొఖం కనవడితె ఎవ్వలు ఉరుకరు" అన్నది. అప్పటి నుంచి ప్రతి ఊరి ముందూ దిగి, బండి నెట్టుకుంటూ పోతున్నాను. ఆలస్యమవుతోంది గాని జనం నిలబడుతున్నారు.

బర్రె ఈనిందా? నా గొంగడి ఎండలో వేయించు. చెల్లెకు దీవెనలు.

బాపు ఇంకా మోటారు చప్పుడు వింటే చేలోకే పోతున్నాడా? మన ఊరికీ నెట్టుకుంటూనే వస్తాను. ఈసారి ఇంట్లోనే ఉండమను.

నీ కొడుకు సత్తయ్య