నంబరు పడిన నీళ్ల సీసా

ఒకప్పుడు సైన్యం మందుగుండు దాచుకున్న గిడ్డంగిలో ఇప్పుడు నడుస్తున్న మా ప్రాంత చరిత్ర మ్యూజియంలో ముప్ఫై నాలుగేళ్లు గైడుగా పనిచేసి రిటైరైన నేను, డెబ్బై ఒకటో ఏట, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. మతి స్థిమితంగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. మా ఆవిడకు ఇంకా నమ్మకం కుదరలేదు. అయినా దీన్ని అమలు జరిపే బాధ్యత ఆవిడకే అప్పగిస్తున్నాను.

1. ఇల్లు, అందులోని సమస్త వస్తువులు నా భార్యకు సర్వహక్కులతో చెందాలి. నలభై ఏళ్లుగా ఆ హక్కులన్నీ ఆవిడే అనుభవిస్తోంది కాబట్టి స్వాధీనపరచడంలో చిక్కేమీ రాదు.

2. నా చేతికర్ర నా తర్వాత గైడుగా చేరిన అమ్మాయికి. గోడల మందం కొలిచి చూపడానికి పనికొస్తుంది. గుమ్మంలోని ఫిరంగి ఎప్పుడైనా పేలిందా అని పిల్లలు అడుగుతారు. పేలలేదు. ఆ మాట కాస్త గొంతు తగ్గించి, రహస్యంలా చెబితే వాళ్ల ముఖాలు వాడిపోవు.

3. నా భూతద్దం రికార్డు గుమాస్తాకు. మేమంతా ఆయన్ని ఎర్రసిరా అంటాం. కదలకుండా ఉన్న వస్తువు కనబడితే దాని అడుగున ఎర్ర నంబరు వేయందే ఆయనకు అన్నం సహించదు. వేసేముందు ఈ అద్దంలోంచి ఒకసారి చూడమని మనవి.

4. మా నాన్న పోస్ట్‌మ్యాన్. ఖాకీ గుడ్డ చుట్టిన అల్యూమినియం నీళ్ల సీసా భుజాన తగిలించుకుని ఊళ్లు తిరిగేవాడు. పోయేముందు దాన్ని మా చెల్లెలికి ఇవ్వమన్నాడు. ఇస్తాను, ఇస్తాను అంటూనే ఆ వేసవంతా నేనే డ్యూటీకి తీసుకెళ్లాను. సామాను తనిఖీ జరుగుతున్న రోజున నీళ్లు తాగి, సీసా బల్ల మీద పెట్టి, జనానికి తలుపు తీయడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అడుగున 1167 పడి ఉంది. నంబరు పడిన వస్తువు గడప దాటాలంటే కమిటీ తీర్మానం కావాలి.

చెబుదామనుకునేలోపే అప్పటి మ్యూజియం పెద్దసారు దాని పక్కన అట్ట రాయించి పెట్టేశారు: "యుద్ధరంగంలో సైనికుడు వాడిన నీళ్ల సీసా. సొట్ట తుపాకీ గుండు తగిలి పడినది." ఆ సొట్ట, ఏడేళ్లప్పుడు మా చెల్లెలు నా తలకు గురిపెట్టి విసిరితే గోడకు తగిలి పడింది. గురి తప్పినందుకు తను ఇప్పటికీ బాధపడుతూనే ఉండి ఉంటుంది.

ఆ అట్ట చూసి పెద్ద పెద్ద అధికారులు టోపీలు తీశారు. పిల్లలు నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. సొట్ట మీద రోజుకు నాలుగుసార్లు ఉపన్యాసమిచ్చింది నేనే. ఇక నోరు విప్పితే పెద్దసారు పరువు, నా ఉద్యోగం రెండూ పోతాయని భయపడ్డాను. చెల్లెలితో మాత్రం సీసా ఎక్కడో పోయిందన్నాను. "పోలేదన్నయ్యా, నువ్వే ఎవరికో ఇచ్చేశావ్. నాన్నది ఒక్కటంటే ఒక్కటి అడిగాను" అని లేచి వెళ్లింది. పందొమ్మిదేళ్లుగా మా గడప తొక్కలేదు.

రిటైరయ్యాక కూడా ఏదో వంక పెట్టుకుని వెళ్లి దాన్ని చూసొస్తున్నాను. చెల్లెలికి ఆ చూపు కూడా దక్కలేదు. అబద్ధం కన్నా అదే పెద్ద తప్పు.

5. సీసా నాది కాదు కాబట్టి రాసివ్వలేను. న్యాయంగా మ్యూజియానిదీ కాదు. జరిగిందంతా ఒప్పుకుంటూ కమిటీకి రాసిన అర్జీ దీనికి జతచేశాను. సీసా ఇంటికి తెచ్చుకోవాలా, అక్కడే ఉంచి అట్ట మార్పించాలా అన్నది చెల్లెలి ఇష్టం. కమిటీకి అభ్యంతరముంటే తనతో మాట్లాడుకోవాలి. వాళ్లమీద నాకు జాలి వేస్తోంది.

6. చెల్లెల్నే సాక్షిగా పిలుద్దామనుకున్నాను. లబ్ధి పొందేవాళ్లు సాక్షి సంతకం చేయకూడదన్నాడు వకీలు. అయితే నేను చచ్చేదాకా తనకు తెలియదా అంటే, వీలునామా అంటే అంతేనండీ అన్నాడు. అది నాకు సమ్మతం కాదు. అందుచేత మొదటి మూడు అంశాలూ నా తదనంతరం అమలులోకి రావాలి. తక్కినవి ఈరోజే. సంతకాలు కాగానే ఈ కాగితం పట్టుకుని నేనే చెల్లెలి ఇంటికి వెళ్తున్నాను. తలుపు తీయకపోతే బయటే నిలబడి మొత్తం చదివి వినిపిస్తాను.

తేదీ: మార్చి పద్దెనిమిది, సోమవారం, మ్యూజియానికి సెలవు.

సంతకం: విశ్రాంత గైడు, ఆమెకు అన్న.

సాక్షులు:
1. టికెట్ కౌంటరు ఆవిడ
2. మ్యూజియం తోటమాలి