ఇరవై నిమిషాలు

అన్నా,

పొద్దున్నుంచి ముసురు. నాట్లు ఆపి, బావి మోటారు టైమర్ బాగుచేశాను.

పోయినసారి బ్యాటరీ ఎక్కువ రోజులు రావాలని టైము తప్పనివ్వని క్రిస్టల్ పెట్టకుండా, చిప్పులో ఉండే గడియారంతోనే నడిపాను. ఎండకు డబ్బా వేడెక్కి అది రోజూ కొంచెం ముందుకు జరిగింది. పదింటికి ఆన్ కావలసిన మోటారు ఇరవై నిమిషాల ముందే ఆన్ అయింది. ఇంకా టైముందని నువ్వు వైరు అతుకుతున్నావు. కరెంటు నిన్ను తీసుకుపోయింది.

ఈరోజు చేతిగడియారాల్లో ఉండే క్రిస్టల్ అతికించాను. దానికీ బ్యాటరీ పెద్దగా ఖర్చు కాదు.

వదిన వచ్చి చూసింది.

"గిది టైముకు నడుస్తదా?"

"నెలకు ఒక్క నిమిషం తేడా వస్తది, వదినా."

"గప్పుడు దొరకలేదా?"

"నా సామాన్ల డబ్బాలనే ఉండె."

ఆమె లోపలికెళ్లి బట్టలు సర్దుకుంది. పన్నెండింటి బస్సుకు పాపను తీసుకుని జగదేవ్‌పూర్, తల్లిగారింటికి వెళ్లిపోయింది.